దొడ్డిదారి ఉద్యోగం

మా చర్చి సంఘంలో ఆదివారం ఆరాధన ముగిసే ముందు ప్రార్థన మనవులు చదివేవారు. ముందు రోగులు, తర్వాత పరీక్షలు రాసే పిల్లలు, ఆఖరున ఉద్యోగం లేనివాళ్లు. ఆ ఆఖరి వరసలో నేను చాలాకాలం ఉన్నాను. అంతకాలమూ నాకు ఉద్యోగం ఉంది.

ఇది తొంభైల చివరి మాట. ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. క్వార్టర్ నా భార్యది. ఆమె రైల్వే ఆసుపత్రిలో నర్సు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు, మా నాన్న అక్కడే ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను రైల్వే పరీక్ష రాసిన ప్రతిసారీ తప్పాను. మా ఊళ్లో దాన్ని తప్పడం అనరు. "ఆడికి రైల్వే దొరకలేదు" అంటారు, సంతలో చిన్నచేపలు దొరకలేదన్నట్టు.

రైల్వే దొరకనివాడికి కంప్యూటర్ దొరికింది. కలకత్తాలో ఒక చిన్న కంపెనీ ఉండేది. విదేశాల్లోని పాత చట్టాల పుస్తకాలను ఒక యంత్రం చేత చదివించి కంప్యూటర్లోకి ఎక్కించడం వాళ్ల వ్యాపారం. యంత్రం ఒకటి ఉంటే ఒకటి చదివేది. అది చేసిన తప్పులు దిద్దడం నా పని. పొద్దున్న ఫోను తీగ మీద పేజీలు వచ్చేవి, సాయంత్రానికి దిద్ది అదే తీగ మీద తిప్పి పంపాలి. యజమాని బెంగాలీ ఆయన, మేము ఒకర్నొకరం దాదా, అంటే అన్నా, అనుకునేవాళ్లం. ఆయనకి ఆఫీసులో కుర్చీలు చాలలేదు కాబట్టి, "ఇంట్లోనే కూర్చుని చెయ్యండి దాదా, ఠీక్ హై" అన్నాడు. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం ఎంత కొత్తదో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. మా కాలనీకి మాత్రం బాగా తెలిసింది.

మొదట్లో సుఖంగానే ఉండేది, అబద్ధం చెప్పకూడదు. ఊళ్లో మగాళ్లందరూ సైరన్ కొట్టగానే సైకిళ్లెక్కి వర్క్‌షాపు గేటు వైపు పరుగులు తీస్తుంటే నేను రెండో టీ తాగుతూ కిటికీలోంచి చూసేవాణ్ని. లుంగీ మీదే ఉద్యోగం. మధ్యాహ్నం వేడన్నం, చేపల పులుసు, కావాలంటే చిన్న కునుకు. పైఅధికారి మొహం చూడక్కర్లేదు. చూడాల్సిందల్లా కంప్యూటర్ మొహమే, అది ఏమీ అనేది కాదు.

కష్టాలు తర్వాత మొదలయ్యాయి. లోడ్ షెడ్డింగ్ చెప్పి రాదు. వాన పడితే ఫోను తీగలో పకోడీలు వేగుతున్నట్టు చప్పుడొచ్చేది, పేజీ సగంలో ఆగిపోయేది. మోడెం అనే పెట్టె లైను కలుపుకునేటప్పుడు తోక తొక్కిన పిల్లిలా అరిచేది. అది కలిసి ఉన్నప్పుడు ఎవరైనా రిసీవరు ఎత్తారంటే అంతే, మళ్లీ మొదటినుంచీ. వీటన్నిటినీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఎదురు క్వార్టర్లో ఉండేది.

ఆమె గూడ్సు గార్డు భార్య. నన్ను తమ్ముడూ అనేది. "తమ్ముడూ, నువ్వెలాగా ఇంట్లోనే ఉంటావు కదా" అంటూ వచ్చిందంటే నాకు ఏదో పని పడిందన్న మాట. వాళ్ల గ్యాసు బండ నేను దింపించుకోవాలి. వాళ్ల తాళంచెవి నా దగ్గరుండాలి. వాళ్ల చుట్టాలు హౌరా బండికి వస్తే నేను రిక్షా మాట్లాడి పంపాలి. ఓసారి వాళ్ల వడియాలకి నన్ను కాపలా పెట్టింది. చట్టాల పుస్తకం ఒక కంటితో, కాకుల్ని ఒక కంటితో చూశాను. ఆ రోజు దిద్దిన పేజీల్లో ఏ దేశపు చట్టం ఏమైపోయిందో నాకు ఇప్పటికీ అనుమానమే.

నా పేరు ప్రార్థన మనవుల్లోకి ఎక్కించింది కూడా ఆమే. ఒక ఆదివారం సంఘ పెద్దగారు కళ్లు మూసుకుని, "ప్రభువా, పని లేక ఇంట కూర్చున్న మా సహోదరునికి ఏదో ఒక జీవనోపాధి చూపించు" అన్నప్పుడు నేను కూడా అందరితో పాటు గట్టిగా ఆమెన్ అన్నాను. ఎవరో పాపం అనుకున్నాను. నా భార్య మోచేత్తో పొడిచింది.

"ఏటండీ ఆమెన్? అది మీకే."

ఆరాధన అయ్యాక పెద్దగారి దగ్గరికెళ్లాను. ఆయన రిటైరైన టికెట్ కలెక్టరు. జీవితమంతా టికెట్లు చూసి చూసి, ఎవరైనా ఎదురుపడగానే ఇతని దగ్గర టికెట్ ఉందా లేదా అన్నట్టే చూసేవారు.

"పెద్దయ్యగారూ, నాకు ఉజ్జోగం ఉందండి" అన్నాను.

"ఎక్కడ బాబూ?"

"ఇంట్లోనండి."

ఆయన నా నెత్తిమీద చెయ్యి పెట్టి అక్కడికక్కడే మరోసారి ప్రార్థన చేశారు.

నాన్నకి ఈ సంగతి తెలిసింది. ఆయన తాల్‌బగీచాలో సొంతిల్లు కట్టుకుని మా అన్నయ్య దగ్గర ఉండేవాడు. మర్నాడే సైకిలేసుకుని వచ్చాడు. నా వెనక కుర్చీ వేసుకుని కూర్చుని, చాలాసేపు నా పని చూశాడు. నేను ఒక అక్షరం చెరిపి ఇంకో అక్షరం కొట్టడం తప్ప ఆయనకి ఏమీ కనపడలేదు.

"ఏటి సేత్తన్నావురా?"

"పని సేత్తన్నాను నాన్నా."

"కూకొనా?"

"కూకొనే సెయ్యాల."

"నువ్వు పని సేత్తన్నావని ఎవులు సూత్తన్నారు?"

"ఎవులూ సూడరు నాన్నా. సేసిన పని సూస్తారు."

నాన్న నవ్వాడు. "ఎవులూ సూడకండా పని సేసేవోడు ఉంటాడేట్రా లోకంలో?" అన్నాడు. వర్క్‌షాపులో ఒక జీవితం గడిపిన మనిషి అంత నమ్మకంగా అన్నాడంటే, అక్కడ పని ఎలా జరిగేదో నాకు అప్పుడర్థమైంది. ఆ తర్వాత, అందరూ అడిగే ప్రశ్నే ఆయనా అడిగాడు. "మీ కంపెనీ పాస్ ఇస్తాదా?" రైలెక్కడానికి ఉచితంగా పాస్ ఇవ్వనిదాన్ని మా ఊళ్లో ఉద్యోగం అనరు. ఇవ్వదని చెప్పాను. ఎక్కడికీ వెళ్లక్కర్లేని ఉద్యోగానికి పాస్ దేనికని కూడా అన్నాను. ఆయనకి అది మరీ పెద్ద అవమానంలా తోచింది.

చివరికి దీనికి ఉపాయం చెప్పిందీ నాన్నే. "పని ఎక్కడైనా సేసుకో. పొద్దున్న సైరన్‌కి మాత్రం ఇంట్లోంచి ఎల్లిపో. జోళ్లేసుకో. టిఫిన్ కేరేజీ అట్టుకో. నలుగురూ సూడాల. తరవాత నువ్వేటి సేసినా ఎవులికీ అక్కర్నేదు."

నేను ఒప్పుకోకపోదును. కానీ నా భార్య ఆసుపత్రిలో జాలి మాటలు వినీ వినీ విసిగిపోయి ఉంది. తోటి నర్సులు ఆమెకి సాయంత్రాలు అరటిపళ్లు ఇచ్చి పంపేవారు, ఇంట్లో ఏమీ ఉండదేమో అన్నట్టు. "పోనీ ఎల్లండి. కాస్త నడిచినట్టూ ఉంటాది" అంది.

అలా వానాకాలం మొదట్లో నా ఆఫీసు ప్రయాణం మొదలైంది. సైరన్ కొట్టగానే చొక్కా దోపుకుని, జోళ్లేసుకుని, హేండిల్‌కి కేరేజీ తగిలించి, ముందు గుమ్మంలోంచి సైకిలెక్కేవాణ్ని. గార్డు భార్య కిటికీలోంచి చెయ్యి ఊపేది. పూరీ గేట్ దగ్గర ఒక టీకొట్టు వెనక సైకిలు పెట్టి, నాన్న ఇచ్చిన పాత రైల్వే రెయిన్‌కోటు తలమీద నుంచి కప్పుకుని, క్వార్టర్ల వెనక సందులోంచి నడిచి, మా దొడ్డి తలుపులోంచి ఇంట్లోకొచ్చేవాణ్ని. చొక్కా విప్పి, లుంగీ కట్టుకుని, కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ని. సాయంత్రం మళ్లీ చొక్కా దోపుకుని, వెనక సందులోంచి పోయి, సైకిలు మీద అలసిపోయి ముందు గుమ్మంలోంచి వచ్చేవాణ్ని.

మధ్యాహ్నం కేరేజీ విప్పి తినేవాణ్ని. పొద్దున్న మా వంటింట్లో సర్దిన అన్నం, టీకొట్టు దాకా ఊరేగి, తిరిగి అదే వంటింట్లోకొచ్చి చల్లారి ఉండేది. ఇంటి నుంచి పని చేయడంలో ఉన్న ఒకే ఒక్క నిజమైన లాభం అక్కడితో పోయింది.

కానీ కాలనీలో నా పరపతి పెరిగిపోయింది. గార్డు భార్య గ్యాసు బండ ఊసెత్తడం మానేసింది.

"ఏ ఆఫీసు తమ్ముడూ?" అని అడిగింది.

"కలకత్తా కంపెనీకి బ్రాంచి ఆఫీసండి."

"బ్రాంచి ఎక్కడ?"

"దగ్గర్లోనే."

ఆదివారం సంఘంలో పెద్దగారు నా కోసం కృతజ్ఞతా ప్రార్థన చేశారు. ఎంతోకాలంగా సంఘమంతా మోకరించినందుకు ఫలం దక్కిందన్నారు. బయటికొచ్చాక నా భుజం తట్టి, "ఇప్పుడు నీ మొహంలో కళ వచ్చింది బాబూ" అన్నారు. అంతకు ముందు వారం చేసిన పనే ఆ వారమూ చేశాను. కళ జోళ్ల వల్ల వచ్చి ఉండాలి.

అంతా బాగానే జరుగుతోంది అనుకుంటుండగా నా భార్యకి నైట్ డ్యూటీలు పడ్డాయి. ఆమె పొద్దున్న ఇంటికొచ్చి, నేను ఊరేగింపు ముగించుకుని వెనక తలుపు తట్టేదాకా మేలుకుని ఉండి, తలుపు తీసి, ఆ తర్వాత పడుకునేది. మామూలు రోజుల్లో నేనే తాళం తీసుకుని వచ్చేవాణ్ని. ఈ రోజుల్లో లోపల గడియ ఉండేది. తేడా అంతే. కానీ గార్డు భార్య వాళ్ల మేనకోడలు మా వెనక సందుకి అవతల వరసలో ఉండేది. ఒక వాన పొద్దున ఆమె ఇంట్లో కూర్చుని గార్డు భార్య ఏం చూసిందయ్యా అంటే, భర్త ఆఫీసుకెళ్లిన కాసేపటికి, తలమీద నుంచి కోటు కప్పుకున్న ఎవడో మగాడు మెల్లిగా వచ్చి మా దొడ్డి తలుపు తట్టాడు, నా భార్య తలుపు తీసింది, వాడు లోపలికెళ్లాడు, తలుపు మూసుకుంది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.

ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా ఒకటే, కాలనీలో అందరూ నన్ను మళ్లీ జాలిగా చూడటం మొదలుపెట్టారు. ఉద్యోగం ఉన్నా కూడా ఎందుకు చూస్తున్నారో అర్థం కాలేదు. జోళ్లు పాలిష్ చేయించాను.

ఒక మధ్యాహ్నం ముందు తలుపు చప్పుడైంది. ఆ రోజు పంపాల్సిన పేజీలు ఫోను తీగ మీద అప్పుడప్పుడే కదులుతున్నాయి. నేను కదలకూడదని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. నా భార్య నిద్రలోంచి లేచి వెళ్లి తలుపు తీసింది. పెద్దగారు, ఆయన వెనక సంఘం వాళ్లు ఒకరిద్దరు, వాళ్ల వెనక గార్డు భార్య.

"వందనాలమ్మా. లోపల ఎవరున్నారు?"

"మా ఆయనండి."

"మీ ఆయన ఆఫీసులో ఉన్నాడు కదమ్మా."

"ఇదేనండి ఆయన ఆఫీసు."

పెద్దగారు టికెట్ మీద తేదీ తప్పు పట్టుకున్నప్పటి గొంతుతో, "మరి పొద్దున్న సైకిలు మీద ఎల్లినాయన ఎవరు?" అన్నారు.

"ఆయనేనండి."

"ఎనక సందులోంచి వచ్చినాయన?"

"ఆయనే."

పెద్దగారు ఆమెని దాటుకుని లోపలికొచ్చారు. నేను లుంగీలో, ఒళ్లో తువ్వాలుతో, నోట్లో చల్లారిన ఇడ్లీతో ఆయనకి కనపడ్డాను. ఆయన మొహం వాడిపోయింది. ఒక మనిషి అంత నిరాశపడటం నేను అంతకు ముందు చూడలేదు. నేను ఇంకెవడినైనా అయ్యుంటే ఆయన ఎంత సంతోషించేవారో!

"ఇదేటి బాబూ?"

"పనండి" అన్నాను ఇడ్లీ మింగి.

ఆయన నమ్మలేదు. నా ఉద్యోగం నిజమో కాదో ఆ కంపెనీనే అడిగి కనుక్కుంటానని టేబుల్ మీద ఫోను రిసీవరు ఎత్తారు. లైన్లో ఉన్న మోడెం ఆయన చెవిలో కీచుమంది. ఆయన రిసీవరు వదిలేశారు. నా పేజీలు సగంలో తెగిపోయాయి.

సరిగ్గా అప్పుడే దొడ్డి తలుపు అవతల నుంచి ఎవరో దగ్గారు. నా భార్య వెళ్లి తలుపు తీసింది. సంఘంలో కానుకల సంచీ పట్టే ఆయన గొడుగు కింద నిలబడి ఉన్నాడు. వాడెవడో వెనక నుంచి పారిపోకుండా అక్కడ కాపలా పెట్టారన్న మాట, టికెట్ లేనివాడు అవతలి తలుపులోంచి దూకకుండా పెట్టినట్టు.

నా భార్య ఆయన్నీ, పెద్దగార్నీ, గార్డు భార్యనీ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. ఆమెకి అప్పుడర్థమైంది. నాకు ఇంకా కాలేదు. నేను తెగిపోయిన పేజీల గురించే ఆలోచిస్తున్నాను.

"పెద్దయ్యగారూ, నన్నేటనుకొని వచ్చినారు?"

"అయ్యో, ఏటీ అనుకోలేదు తల్లీ. ప్రార్థన సేసుకుందామని వచ్చినాం."

"ఎనక సందులో నిలబెట్టినాయనది కూడా ప్రార్థనేనా?"

గార్డు భార్య మా గోడ మీద కేలెండరు చదవడం మొదలుపెట్టింది.

"ప్రార్థనకే వచ్చినారు కదా, మరి సెయ్యండి" అంది నా భార్య. చాప తెచ్చి పరిచింది. వెనక సందాయన్ని కూడా గొడుగుతో సహా లోపలికి పిలిచింది. అందరూ మోకాళ్ల మీద కూర్చున్నారు. పెద్దగారికి మోకాళ్ల నొప్పులు. ఆయన కూడా కూర్చోక తప్పలేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు, కానీ ఏమి అడగాలో ఆయనకి తోచలేదు. అలవాటైన దారిలోకే వచ్చేశారు. "ప్రభువా, పని లేక ఇంట కూర్చున్న ఈ సహోదరునికి..."

నాకు నవ్వొచ్చింది. నా భార్యకి రాలేదు. వాళ్లు వెళ్లాక ఆమె మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందని భుజం కదలడం చూసి తెలుసుకున్నాను. దగ్గర కూర్చుంటే, "మీ పేజీలు పంపుకోండి, ఎల్లండి" అంది. రాత్రంతా రోగుల దగ్గర మేలుకుని వచ్చిన మనిషిని, నాలుగు గోడల మధ్య పడుకుని ఉండగా, ఊరంతా కలిసి పట్టుకోవడానికి వచ్చారు. నేను ఇంట్లో కూర్చుంటే పనిలేనివాణ్ని. ఆమె ఇంట్లో పడుకుంటే ఇంకేదో. మా కాలనీ లెక్కలో పగలు ఇంట్లో ఉన్న మనిషి ఎవరైనా ఏదో ఒక తప్పు చేస్తున్నట్టే.

ఆ ఆదివారం సంఘానికి వెళ్లొద్దన్నాను. ఆమె కొత్త చీర కట్టుకుని నాకంటే ముందు బయల్దేరింది. ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడింది. ఆమె ఎప్పుడూ నిలబడి మాట్లాడిన మనిషి కాదు. చర్చి అంతా వెనక్కి తిరిగింది.

"ఇళ్లల్లో ఏ పనీ లేక, పక్కోళ్ల దొడ్డి తలుపులు సూసుకుంటా కాలం గడుపుతన్నోళ్లు మన సంఘంలో కొందరున్నారు. ఆళ్లకి దేవుడు ఏదో ఒక పని సూపించాలని అందరూ ప్రార్థన సెయ్యాల" అని కూర్చుంది.

అలవాటు కొద్దీ సంఘమంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది గార్డు భార్య. మాట అర్థమయ్యేసరికి ఆమెన్ బయటికొచ్చేసింది. పెద్దగారు తొందరగా పాట అందుకున్నారు, అది కూడా శ్రుతి సరిగ్గా కుదరక మధ్యలో దించాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఊరేగింపు మానేశాను. ముందు గుమ్మం బార్లా తీసి, లుంగీలో, అందరికీ కనపడేట్టు కూర్చుని పని చేశాను. గార్డు భార్య మా ఇంటివైపు కిటికీకి కర్టెను కుట్టించుకుంది. ఎవరూ తమ తాళంచెవులు మాకు ఇవ్వలేదు, వడియాల కాపలా అడగలేదు. నిజం చెప్పాలంటే, నా ఉద్యోగ జీవితంలో అంత ప్రశాంతంగా, అంత ఎక్కువ పని చేసిన కాలం ఇంకోటి లేదు. యంత్రం తప్పులు దిద్ది దిద్ది ఏ దేశంలో ఇల్లు ఖాళీ చేయించాలంటే ఎన్నాళ్ల ముందు నోటీసివ్వాలో కూడా చెప్పగలిగేవాణ్ని.

అది ఎక్కువ రోజులు సాగలేదు. కలకత్తా నుంచి యజమాని దాదా ఫోను చేశాడు. విదేశాల నుంచి పని ఇచ్చేవాళ్లు ఆఫీసు చూడటానికి వస్తున్నారట. కుర్చీల్లో మనుషులు కనపడకపోతే కంపెనీ ఉందని ఎలా నమ్ముతారు?

"దాదా, ఆప్నారా శబాయ్ ఆషున్. అందరూ రండి. కుర్చీలు అద్దెకి తెప్పించాను."

"పని బాగా జరగడం లేదా దాదా?"

"జరుగుతోంది. కానీ కనపడటం లేదు."

వెళ్లాను. వాళ్లు వచ్చి, చూసి, వెళ్లిపోయారు. కుర్చీలు మాత్రం ఉండిపోయాయి, వాటితో పాటు మేమూ. కుర్చీలు వచ్చాయి కానీ కంప్యూటర్లు రాలేదు. ఒక కంప్యూటర్ మీద ముగ్గురం వంతుల ప్రకారం పనిచేసేవాళ్లం. వంతు రానివాళ్లు పేపరు చదివేవాళ్లు. ఇంట్లో ఒక పొద్దుటిపూట చేసే పనికి అక్కడ రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజులకీ హౌరా లోకల్లో రానూ పోనూ ప్రయాణం. డైలీ పాసింజర్ల మధ్య ఒకరి మీద ఒకరు పడుతూ, ఎవరి గొడుగు నీళ్లో మెడ మీదికి కారుతుంటే, సాంత్రాగాచీ దగ్గర సిగ్నల్ కోసం ఆగిన బండిలో నిలబడి ఉండేవాణ్ని. నా పక్కనే పేకాట ఆడేవాళ్లు, జనం తోపుకి వంగిపోయిన నా వీపు మీద ముక్కలు పరిచేవారు. నేను ఏమీ అనేవాణ్ని కాదు, సీటు వాళ్లది.

కాలనీలో మాత్రం నేను పూర్తిగా మనిషినయ్యాను. గార్డు భార్య కర్టెను తీసేసి, "కలకత్తా ఆఫీసంట!" అని వచ్చినవాళ్లకి నన్ను చూపించేది. పెద్దగారు స్టేషన్లో ఎదురుపడితే నన్ను ఆపి, ఏ బండికి వెళ్తే మంచిదో చెప్పేవారు. నా భార్య ఎవరికీ ఏమీ చెప్పలేదు. గార్డు భార్యతో ఆ తర్వాత ఎన్నడూ మాట్లాడనూ లేదు.

ఒక ఆదివారం తాల్‌బగీచా వెళ్లాను. నాన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నా కళ్ల కింద నలుపు, నలిగిన చొక్కా చూసి మురిసిపోయాడు.

"బండిలో సీటు దొరుకుతాదేట్రా?"

"లేదు నాన్నా. నిలబడే ఎల్లాల."

"వొచ్చినపుడు?"

"అప్పుడూ అంతే."

"అదీ ఉజ్జోగమంటే" అన్నాడు నాన్న. లోపలికి కేకేసి, నాకు టీ పెట్టమని చెప్పాడు. టీ వచ్చేలోపు నేను ఆ కుర్చీలోనే నిద్రపోయాను.